ఎర్ర చొక్కా, పచ్చ చొక్కా

"నువ్వు చస్తే గానీ నాకు వంతు రాదు కదా," అన్నాను.

"ఇదిగో, చచ్చాను. వచ్చి కూర్చో," అన్నాడు బావ.

మా ఆలుమగల మధ్య ఆఖరున నడిచిన మాటలు ఇవే. అమ్మాయ్, చెప్పింది చెప్పినట్టే రాయి. బాగా లేదని దిద్దకు.

ఆ పొద్దున బావ కంప్యూటర్ ముందు కూర్చుని ఆట ఆడుతున్నాడు. వీధిలో మిరపకాయల టిక్కీ బస్తాలు ఎక్కించుకున్న ట్రాలీ ఆటో హారన్ కొడుతోంది. నేను టీ గ్లాసు పట్టుకుని కుర్చీ వెనక నిలబడి ఆ మాట అన్నాను. బావ నవ్వి, తెర మీద ఎర్ర చొక్కావాడిని నడిపించుకుంటూ తీసుకుపోయి కావాలనే గుంటలో పడేశాడు. టీ రెండు గుక్కల్లో తాగి కుర్చీ నాకిచ్చాడు. కుర్చీ వెచ్చగా ఉంది. నా పచ్చ చొక్కావాడు తెర మీదకి వచ్చాడు. వాడిని గుంట దాటించే పనిలో పడి నేను వెనక్కి తిరగలేదు. చెప్పుల చప్పుడు విన్నాను, ఆటో కదిలిన చప్పుడు విన్నాను. మనిషిని చూడలేదు. మధ్యాహ్నానికి గుంటూరు మిర్చి యార్డు నుంచి ఫోను వచ్చింది. బస్తాలకి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడట.

మేమిద్దరం అనుకున్న ఆ మాటలు విన్న మూడో మనిషి అత్తయ్య. వసారాలో చాట ముందు పెట్టుకుని కూర్చుని ఉంది అప్పుడు. అత్తయ్య అంటే బావ తల్లి. నాకు అత్తగారు కాకముందే మేనత్త, మా నాన్నకి అక్క.

దినాలయిన మర్నాటి నుంచి ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. వసారాలో ఒక చిన్న గ్యాసు పొయ్యి పెట్టించుకుంది. గుప్పెడు బియ్యం తనే వండుకుని తనే తింటుంది. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళతో ఒక్కసారి అంది, నా వైపు చూడకుండా, "గడప దాటే మనిషితో అనే మాటేనా అది," అని. అది వేళాకోళమని ఆవిడకి తెలుసు. మా ఇంట్లో ఆ మాట రోజూ నడిచేదే. తెలియక మాట్లాడకపోతే చెప్పి ఒప్పించుకుందును. తెలిసి మాట్లాడని మనిషికి ఏం చెప్పను? నేనూ ఊరుకున్నాను. సంవత్సరీకం కూడా అయిపోయింది. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు, ఇద్దరు ఆడవాళ్ళు, గిన్నెల చప్పుడు. పొద్దున ఆవిడ పొయ్యి వెలిగించిన చప్పుడు వింటే ఇంకా ఉందిలే అనుకునేదాన్ని. నా చప్పుడు విని ఆవిడ కూడా అలాగే అనుకునేదేమో.

నిన్న సాయంత్రం ఒకటి జరిగింది. అది చివర్న చెబుతాను. ముందు ఆ మాట ఎక్కడ పుట్టిందో చెప్పాలి. అది ఈ ఇంట్లోనే పుట్టింది, ఆ వసారాలోనే.

అమ్మ పోయిన ఏడాది నాన్న నన్ను తెచ్చి ఇక్కడ దింపాడు. మా అన్నయ్య, అదే మీ నాన్న, నాకంటే పెద్దవాడు, చదువుతున్నాడని హాస్టల్లో వేశారు. నా చదువు మూడో తరగతితో ఆగింది. మా చుట్టుపక్కలంతా నల్లరేగడి నేల, ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. నేను వచ్చింది కాయ కల్లానికి చేరిన రోజుల్లో. బస్సు దిగేసరికే గొంతులో గర గర. కల్లాల మీద కాయ ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు ఆరుతోంది. ఊరంతా తుమ్ములే. నాన్న నా గౌన్ల సంచీ వసారాలో పెట్టి, మంచినీళ్ళు తాగి, అదే బస్సుకి వెళ్ళిపోయాడు. నేను గుంజ పట్టుకుని నిలబడ్డాను.

"ఏమే, చుట్టంలా నిలబడ్డావు? రా, వచ్చి ఒక చాట పట్టు," అంది అత్తయ్య.

అప్పుడే ఏడుద్దామనుకున్నదాన్ని, చాట పట్టుకుని కూర్చున్నాను.

కూలికి వచ్చిన ఆడవాళ్ళు, అత్తయ్య, నేను వసారాలో వరసగా కూర్చుని మిరపకాయలకి తొడిమలు ఒలిచేవాళ్ళం. రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయ ఒక పక్కకి, మంచి కాయ ఒక పక్కకి. వాళ్ళంతా చేతులకి ఆముదం రాసుకుని కూర్చున్నారు. నాకు ఆ సంగతి తెలియదు, అడగడానికి నోరు రాలేదు. సాయంత్రానికి వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టయ్యాయి. పెరట్లోకి పోయి నీళ్ళలో ముంచితే ఇంకా మండాయి. అత్తయ్య వచ్చి చూసి, నన్ను రెక్క పట్టుకుని లాక్కొచ్చి, మజ్జిగ గిన్నెలో రెండు చేతులూ ముంచి కూర్చోబెట్టింది. "నోరు లేదటే నీకు? మండుతుందని చెప్పడానికేం?" అని తిట్టింది. తిడుతూనే వేడన్నంలో పండుమిరపకాయ పచ్చడి, వెన్నపూస కలిపి ముద్దలు నోట్లో పెట్టింది.

"చేతులు మండుతుంటే నోటిక్కూడా మంటేనా అత్తా?"

"బయటి మంట మర్చిపోవడానికేనే, తిను."

మజ్జిగలో చేతులు, కళ్ళల్లో నీళ్ళు, నోట్లో ముద్ద. అమ్మ పోయాక ఎవరి చేతి ముద్దా అంతవరకు తినలేదు. ఆ వెన్నపూస వాసన నాకిప్పటికీ గుర్తుంది.

ఆ ఏడు కాయకి మంచి ధర వచ్చిందని మావయ్య, అంటే బావ వాళ్ళ నాన్న, గుంటూరు నుంచి వస్తూ బ్రాడీపేటలో ఒక అట్టపెట్టె కొనుక్కొచ్చాడు. అందులో టీవీకి తగిలించే వీడియో గేము. బూడిద రంగు డబ్బా, దాని నెత్తిన క్యాసెట్ పెట్టుకునే నోరు, వైర్లతో రెండు రిమోట్లు. మాది బ్లాక్ అండ్ వైట్ టీవీ. వసారాలోకి కనపడేలా గుమ్మం పక్కన ఎత్తుపీట మీద పెట్టారు. బావ ఛానల్ మీట తిప్పుతూ తిప్పుతూ ఉంటే తెరంతా చుక్కలు కురిసి కురిసి, చివరికి బొమ్మ నిలబడింది. వారం తిరక్కుండానే ఎలుక రెండో రిమోట్ వైరు కొరికేసింది. ఇక మిగిలింది ఒకటే.

క్యాసెట్ పెట్టగానే బొమ్మ రాదు. తీసి దాంట్లోకి ఉఫ్ అని ఊదాలి. ఇంకెక్కడైనా అయితే దుమ్ము లేస్తుంది. మా ఇంట్లో కారం లేచేది. ఒకసారి బావ ముఖం దగ్గరగా పెట్టుకుని గట్టిగా ఊది, కళ్ళు మూసుకుని వసారా అంతా తారట్లాడాడు. కూలివాళ్ళు నవ్వలేక చచ్చారు. ఆ తర్వాత వాడు తువ్వాలు కప్పుకుని ఊదేవాడు.

క్యాసెట్‌లో చాలా ఆటలుండేవి గానీ మేం ఆడింది ఒక్కటే. భుజాన మూట వేసుకున్న చిన్న మనిషి ఒకడు ఎడమ నుంచి కుడికి పోతుంటాడు. గుంటలు దూకాలి, పాముల మీద నుంచి ఎగరాలి, మీదికొచ్చే గబ్బిలాల్ని రాయితో కొట్టాలి. వాడు ఎక్కడికి పోతున్నాడో, మూటలో ఏముందో మాకెవరికీ తెలియదు.

"కూలికి పోతున్నాడు. అది చద్దిమూట," అని అత్తయ్య తేల్చేసింది.

ఇద్దరు ఆడొచ్చు ఆ ఆట. కానీ ఇద్దరూ ఒకేసారి కాదు. మొదటివాడి ప్రాణం పోతేనే రెండోవాడు తెర మీదకి వస్తాడు. రెండోవాడు పోతే మళ్ళీ మొదటివాడు. ఇద్దరికీ తలా మూడు ప్రాణాలు. బావ ఎప్పుడూ మొదటివాడు. ఆట వాడిది, ఇల్లు వాడిది, నాకంటే రెండేళ్ళు పెద్ద కూడాను. చచ్చినా రిమోట్ వదిలేవాడు కాదు. నేను అడిగేదాన్ని కాదు. చూస్తూ కూర్చునేదాన్ని.

అత్తయ్య కూడా చూసింది. టీవీని కాదు, నన్ను. ఒకరోజు చాట పక్కన పెట్టి లేచి వచ్చింది.

"ఏరా, దాని వంతేది?"

"అది అడగలేదమ్మా."

"అడగని వాళ్ళకి పెట్టవా? విను. నువ్వు చచ్చేదాకా అది రిమోట్ ముట్టుకోదు. చచ్చాక నువ్వు ముట్టుకోకూడదు. ఇదీ లెక్క."

ప్రాణం పోయినప్పుడు ఆ డబ్బాలోంచి చిన్న పాట వచ్చేది. ఎవరో మెట్లు దిగిపోతున్నట్టు ఉండేది. తల ఎత్తకుండా, చేతిలో కాయ ఒలుస్తూనే, అత్తయ్య ఆ పాట వినేది. పాట అయిందో లేదో ఆవిడ గొంతు లేచేది.

"చచ్చాడు. ఇక దానికివ్వరా."

"అమ్మా, ఇది చావు కాదు, కాలు జారింది."

"జారినా చచ్చినా పాట వచ్చింది. ఇవ్వు."

బావ ముఖం మాడ్చుకుని రిమోట్ నా ఒళ్ళో పడేసేవాడు. పోను పోను అది మా ఇంట్లో ఆట కంటే పెద్ద ఆటైంది. బావ ఎంతకీ పడిపోకుండా ముందుకి పోతుంటే ఆవిడే లోపల్నుంచి అరిచేది, "త్వరగా చావరా, పిల్ల చేతులు కడుక్కుని కూర్చుంది," అని.

"ఏంటమ్మా, ఒక్కగానొక్క కొడుకుని పట్టుకుని రోజూ చావమంటారు?" అనేవాళ్ళు కూలివాళ్ళు.

"వాడికేంలే, ఇంకా రెండు ప్రాణాలున్నాయి," అనేది అత్తయ్య. వసారా అంతా ఘొల్లుమనేది.

చేతులు కడుక్కుని అని అంది చూడు, దానికో కథ ఉంది. మొదట్లో నేను తొడిమలు ఒలిచిన చేతులతోనే రిమోట్ పట్టుకున్నాను. నా వంతయ్యాక బావ తీసుకున్నాడు. ఆడుతూ ఆడుతూ కన్ను నలుపుకున్నాడు. అంతే, కెవ్వుమని లేచాడు, తెర మీద వాడు పోయి గుంటలో పడ్డాడు. నాకు మళ్ళీ వంతు వచ్చింది. తెలివి నాకు ఆ రోజు వచ్చింది. తర్వాత రెండు మూడు సార్లు బావ రిమోట్ అందుకునే ముందు నేను ఒక పండుకాయని వేళ్ళ మధ్య మెత్తగా నలిపాను. అత్తయ్య కనిపెట్టేసింది. చాట తిరగేసి నా వీపు మీద ఒకటి వేసింది గానీ, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం నేను చూశాను. ఆ పూట నుంచి రిమోట్ పట్టుకోవాలంటే ఎవరైనా శీకాయ పొడితో చేతులు కడుక్కుని ఆవిడకి వాసన చూపించాలి.

ఇంకొకటి చెప్పాలి, ఇది రాయకపోతే నిన్నటిది అర్థం కాదు. తెర పైన ఒక అంకె ఉండేది. తగ్గుతూ తగ్గుతూ పోయేది. అది సున్న అయ్యేలోపు దారి పూర్తి చెయ్యాలి. లేకపోతే మనిషి నిలబడ్డచోటే పోతాడు. ఒక సాయంత్రం బావ ఆడుతుండగా ఉన్నట్టుండి గాలి తిరిగింది. పడమటంతా నల్లగా కమ్మింది. "వానరోయ్, కాయ, కాయ," అని మావయ్య అరుపు. కల్లం మీద ఏడాది పంట పరిచి ఉంది. బావ రిమోట్ అక్కడే పడేసి పరిగెత్తాడు. అందరం పరిగెత్తాం. కాయని కుప్పలుగా లాగి, పట్టాలు కప్పి, పట్టా ఎగరకుండా అంచుల మీద నేనూ బావా పడుకున్నాం. వాన వీపుల మీద కొట్టింది. పట్టా కింద నుంచి తడిసిన కాయ వాసన. బావ వణుకుతూ అడిగాడు, "ఒసేయ్, అక్కడ వాడు ఒక్కడే నిలబడి ఉన్నాడు కదా?"

"ఆ."

"అంకె అయిపోయి ఉంటుంది."

తడిసి ముద్దయి ఇంటికి వచ్చేసరికి కరెంటు ఇంకా ఉంది. తెర మీద నా మనిషి నిలబడి ఉన్నాడు. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ ఆడలేదు. ఎదురుచూసీ చూసీ మొదటివాడు తనంతట తనే పోయాడు. బావ రిమోట్ తీసి తడి చొక్కాకే తుడిచి నాకిచ్చాడు. ఎవరూ చెప్పకుండా వాడు నాకు రిమోట్ ఇవ్వడం అదే మొదలు.

పెద్దయ్యాక వాడికే నన్నిచ్చి చేశారు. మావయ్య మా పెళ్ళి చూసి పోయాడు. బావ గుంటూరు దారిలో ఒక కోల్డ్ స్టోరేజీలో పనికి కుదిరాడు, వచ్చిన సరుకు కంప్యూటర్లో ఎక్కించే పని. వాళ్ళు కొత్త కంప్యూటర్లు తెచ్చుకున్నప్పుడు ఒక పాతది ఇతనికి ఇచ్చేశారు. దాన్ని ట్రాక్టర్లో పత్తి నింపిన బోరేల మధ్య పడుకోబెట్టి తెచ్చాడు, పసిపిల్లని తెచ్చినట్టు.

"ఇంకో టీవీయా?" అంది అత్తయ్య.

"టీవీ కాదమ్మా. మన పాత గేము డబ్బా ఉందే, అదంతా ఇందులోకి ఎక్కుతుందంట."

ఆ డబ్బా ఎప్పుడో చెడిపోయి అటక మీద పడి ఉంది. బ్రాడీపేటలో సీడీలు అమ్మే కొట్టు కుర్రాడు చెప్పాడట. నాకు ఎంతకీ అర్థం కాలేదు.

"ఆ డబ్బా ఇందులో ఎలా పడుతుంది బావా?"

"డబ్బా పట్టదే. ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. అది వేస్తే కంప్యూటర్ తనే ఆ పాత డబ్బాననుకుంటుంది. క్యాసెట్ బదులు ఫైలు పెడితే చాలు."

"అనుకుంటే సరిపోద్దా?"

"సరిపోద్ది. కాదని దానికి ఎవరు చెబుతారు?"

"మరి ఊదక్కర్లేదా?"

"ఏదీ, దేన్ని ఊదుతావో చూపించు."

ఆ కుర్రాడిచ్చిన సీడీ పెట్టిన మొదటి పూట నల్ల తెర తప్ప ఏమీ రాలేదు. మర్నాడు బొమ్మ వచ్చింది, చప్పుడు రాలేదు. ఆ తర్వాత రెండూ వచ్చాయి గానీ మనిషి చెయ్యి వెయ్యకముందే సర్రున పోయి గుంటలో పడేవాడు. "వీడికేం పుట్టిందిరా, కుక్కలు తరిమినట్టు," అని అత్తయ్య నవ్వింది. బావ కొట్టుకీ ఇంటికీ తిరిగి, ఏదో వేగం తగ్గించి, ఒక ఆదివారం దాన్ని దారికి తెచ్చాడు.

ఆ ఆదివారమే నాకు తెలిసింది, మొదటివాడి చొక్కా ఎరుపని, నా వాడిది ఆకుపచ్చని. అన్నాళ్ళూ బ్లాక్ అండ్ వైట్‌లో ఇద్దరూ బూడిద రంగే. "నేను పండుకాయ, నువ్వు పచ్చికాయ," అన్నాడు బావ.

కంప్యూటర్‌కి రిమోట్ లేదు, మీటలే. ఎటు నడవాలో చెప్పే మీటల మీద బాణాలుంటాయి, అవి నాకు తెలుస్తాయి. ఎగరడానికి, రాయి విసరడానికి మాత్రం అక్షరాల మీటలు. అవి ఇంగ్లీషువి. నాకు తెలుగు అక్షరాలే కూడబలుక్కోవాలి. "నా వల్ల కాదు బావా," అన్నాను. బావ లేచి అద్దం దగ్గరికి పోయాడు. అద్దం అంచున నేను అంటించుకునే బొట్టుబిళ్ళల్లోంచి ఒక పెద్దది, ఒక చిన్నది గిల్లుకొచ్చి మీటల మీద అంటించాడు. "పెద్ద బొట్టు నొక్కితే ఎగురుతాడు. చిన్న బొట్టు నొక్కితే రాయి. ఇంకేం కావాలి నీకు చదువు?"

అందులో పాత డబ్బాలో లేనిది ఒకటుంది. ఒక మీట నొక్కితే ఆట ఎక్కడుంటే అక్కడ దాచుకోవచ్చు. చచ్చిపోతే వెనక్కి పోయి, బతికున్న చోటి నుంచి మళ్ళీ ఆడొచ్చు. బావ అది కనిపెట్టి సంబరపడ్డాడు. నాకు ఒళ్ళు మండింది.

"అత్తా, చూడు. చచ్చాక మళ్ళీ లేచి వస్తున్నాడు. నా వంతెప్పుడు మరి?"

అత్తయ్య వసారాలోంచే తీర్పు చెప్పింది. "వెనక్కి రావడాలు లేవు. చచ్చినవాడు చచ్చినట్టే ఉండాలి. దానికివ్వరా."

అలా మా ఇంట్లో ఆ మీట ముట్టుకోవడం లేకుండా పోయింది. బావ ఆడుతుంటే నేను వెనక నిలబడి, "నువ్వు చస్తే గానీ నాకు వంతు రాదు," అనడం, పాట రావడం, ఆవిడ "దానికివ్వరా" అనడం. పిల్లలు లేని ఇల్లు మాది. ఆ సందడే మాకు సందడి. ఎన్నో ఏళ్ళు నడిచింది అలా.

బావ పోయాక కంప్యూటర్ మీద దుప్పటి కప్పాను. మొన్న తీసి చూస్తే ఎలుకలు దాని వైర్లు కూడా కొరికేశాయి. నువ్వు సెలవులకి వచ్చి, ఆ సీడీ చూసి, "అత్తా, మావయ్య ఆట నా లాప్‌టాప్‌లో పెట్టనా?" అన్నావు. సీడీ పెట్టడానికి నీ లాప్‌టాప్‌కి నోరే లేదు. బ్రాడీపేటకి పోయి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చావు. నీ చేతిలో క్షణంలో వచ్చింది, బొమ్మా, చప్పుడూ, వేగమూ అన్నీ. ఏ మీట దేనికో నువ్వు చెబుతుంటే నేను పాత కీబోర్డు తెచ్చాను. దాని మీద ఆ రెండు బొట్లూ అలాగే ఉన్నాయి. నా నుదుటివి తీశారు గానీ వాటిని ఎవరూ తియ్యలేదు. గోటితో మెల్లగా లేపాను. జిగురు ఎండిపోయింది. అన్నం మెతుకు నలిపి నీ లాప్‌టాప్ మీద అంటించాను. అత్తయ్య వసారాలోంచి చూసింది. ముఖం తిప్పుకుంది.

ఒకరా, ఇద్దరా అని అడిగింది ఆట.

"ఒకరే కదత్తా, ఒకటి నొక్కుతున్నా," అన్నావు.

"రెండు నొక్కు."

"రెండోవాళ్ళు ఎవరు?"

"రెండోదాన్ని నేనే. రెండు నొక్కితేనే నేను వస్తాను."

ఎర్ర చొక్కావాడు వచ్చి నిలబడ్డాడు, భుజాన మూటతో. ముందు గుంట ఉంది. నేను వాడిని నడిపించి తీసుకుపోయి అందులో పడెయ్యాలి, అప్పుడు నా పచ్చ చొక్కావాడు వస్తాడు. నా వేలు కదల్లేదు. "నువ్వు పడెయ్యవే," అన్నాను. "నా వల్ల కాదత్తా," అన్నావు. వాడు అలాగే నిలబడ్డాడు. పైన అంకె తగ్గుతోంది. దాటించి ముందుకి తీసుకుపోదామంటే మొదటివాడిని ఆడటం నాకు ఏనాడూ తెలియదు. అది నా వంతు కాదు. ఇద్దరం చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాం.

అంకె అయిపోయింది. పాట వచ్చింది, మెట్లు దిగుతున్నట్టు.

"చచ్చాడు. ఇక దానికివ్వరా."

వసారాలోంచి. అదే గొంతు, కాస్త పొడిబారింది. తల ఎత్తకుండా, కాయ ఒలుస్తూ, పాట విని, అలవాటు మీద అనేసింది ఆవిడ. కొడుకుతో అంది.

ఆ తర్వాత చాట కిందపడి కాయలు దొర్లిన చప్పుడు. నేను వెళ్ళేసరికి ఆవిడ పెరట్లో బోరింగు దగ్గర గోడ వైపు తిరిగి కూర్చుంది. దగ్గరికి పోతే చేత్తో వద్దంది. రాత్రి పొయ్యి వెలిగించలేదు. నేను కంచంలో అన్నం పెట్టి మూత వేసి వసారాలో ఉంచాను. పొద్దున మూత వేసినట్టే ఉంది.

ఇన్నాళ్ళూ ఆవిడ నా మాట పట్టుకుని బాధపడుతోందనుకున్నాను. నిన్న తెలిసింది. ఆ మాట ఈ ఇంట్లో ముందు అన్నది తనే. నవ్వుతూ, రోజూ, కన్నకొడుకుని. నాతో మాట్లాడితే ఆ మాట దగ్గరికే రావాల్సి వస్తుందని నోరు కట్టేసుకుంది.

అత్తా, ఇది నీ కోసం రాయిస్తున్నాను. నేను చెబితే లేచి వెళ్ళిపోతావు. కాగితం మీదిది ఎవరు చదివినా కూర్చుని వింటావు, పేపరైనా, పంచాంగమైనా. నిన్ను తప్పు పట్టడానికి కాదు ఇది. ఆ పాట మనం కట్టింది కాదు. ఆ డబ్బా మన ఊరు రాకముందే అందులో ఉంది. నువ్వు చేసింది ఒకటే. గౌన్ల సంచీతో వచ్చి గుంజ పట్టుకుని నిలబడ్డ పిల్లకి ఈ ఇంట్లో ఒక వంతుందని చెప్పావు. దానికివ్వరా అన్నావు. వాడు ఇచ్చాడు. బతికినన్నాళ్ళూ ఇస్తూనే ఉన్నాడు. పోయే పొద్దున కూడా ఇచ్చే పోయాడు.

నాకు ఆడటం పెద్దగా రాదు అత్తా. నాకు వచ్చింది పక్కన కూర్చుని వంతు కోసం చూడటం. అప్పుడు అది బాధనుకునేదాన్ని. పక్కన ఒకడుంటేనే కదా వంతు. ఇప్పుడు ఆట అంతా నాదే, ఎంతసేపు ఆడినా అడిగేవాళ్ళు లేరు. ఆ లాప్‌టాప్‌లో పచ్చ చొక్కావాడు నిన్నటి నుంచి నిలబడే ఉన్నాడు. ఈ పిల్ల ఆ దాచే మీట నొక్కి ఆపి ఉంచింది. మన ఇంట్లో అది లేదని నేను చెప్పలేదు. నువ్వు వచ్చి చెప్పు. చెప్పి, నా పక్కన కూర్చో. అన్నం రెండు పొయ్యిల మీద ఎందుకు?

ఇంతే, అమ్మాయ్. ఇంకేం రాయకు. వసారా తలుపు బార్లా తియ్యి. నువ్వు గుమ్మంలోకి జరిగి, అటు తిరిగి కూర్చో. గట్టిగా చదవాలి, పేపరు చదివినట్టు. ఆగు. చాట చప్పుడు ఆగింది. ఊఁ, ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు.